తూటా బలం, లైసెన్సు హక్కు: మూడో నియమం చెప్పినదేమిటి, వాడకు చేరినదేమిటి

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం అనగానే మనకు ఎఫ్‌ఐఆర్, అరెస్టు, నష్టపరిహారం, ప్రత్యేక కోర్టు గుర్తొస్తాయి. ఆ చట్టం కింద 1995లో వచ్చిన నియమావళిలో మూడో నియమం దాకా వెళ్లి చదివేవాళ్లు తక్కువ. దాడి జరిగాక ఏం చేయాలో కాదు, జరగకముందే ఏం చేయాలో చెప్పే నియమం అది. అత్యాచారం జరగవచ్చని, లేదా మళ్లీ జరగవచ్చని భయం ఉన్న ప్రాంతాన్ని రాష్ట్ర ప్రభుత్వం గుర్తించాలి. అవసరమనుకుంటే అక్కడి ఎస్సీ, ఎస్టీలు కాని వ్యక్తుల, వారి దగ్గరి బంధువుల, పనివాళ్ల, కుటుంబ మిత్రుల తుపాకీ లైసెన్సులు రద్దు చేసి ఆ ఆయుధాలను ప్రభుత్వ ఆయుధాగారంలో జమ చేయించాలి. అక్రమ తుపాకులన్నీ స్వాధీనం చేసుకోవాలి, వాటి తయారీని అడ్డుకోవాలి. ఆ తర్వాతి మాట: ప్రాణానికి, ఆస్తికి రక్షణ కోసం అవసరమనుకుంటే ఎస్సీ, ఎస్టీలకు ఆయుధ లైసెన్సులు ఇవ్వాలి.

అంటే దళితుడి చేతికి చట్టబద్ధంగా తుపాకీ ఇవ్వొచ్చని మన దేశ నియమావళిలోనే రాసి ఉంది. ఈ సంగతి చెప్పినప్పుడల్లా రెండు ప్రశ్నలు వస్తాయి. ఏ తుపాకీ? దానితో నిజంగా ఏమవుతుంది? సినిమాల్లో చూసిన తుపాకీతో ఈ ప్రశ్నలకు జవాబు దొరకదు. అందుకే ముందు తూటా దగ్గర మొదలుపెడతాం, తర్వాత లైసెన్సు సంగతికి వస్తాం.

ఒకే లావు, వేరే బలం

మనం తూటా అనేదాన్లో నాలుగు భాగాలుంటాయి. ఇత్తడి గొట్టం, దాని అడుగున దెబ్బ తగలగానే నిప్పు పుట్టించే చిన్న క్యాప్, లోపల మందు, మూతిలో బిగించిన గుండు. మొత్తం కలిపి కార్ట్రిడ్జ్. ఎగిరి వెళ్లేది గుండు మాత్రమే. ఇత్తడి గొట్టం కాల్చినవాడి దగ్గరే మిగులుతుంది. ఈ తేడా కేసుల్లో ఎంత పనికొస్తుందో తర్వాత చెబుతాం.

తుపాకీ పేరులోని అంకె చాలామందిని తికమక పెడుతుంది. .32 రివాల్వర్ అంటే గొట్టం లావు అంగుళంలో 100కి 32 వంతులు, దాదాపు 8 మిల్లీమీటర్లు. .315 రైఫిల్ అన్నా దాదాపు అదే 8 మిల్లీమీటర్లు. లావు ఒకటే కాబట్టి బలమూ ఒకటే అనుకుంటే పొరపాటు. .32 రివాల్వర్ గుండు 6 గ్రాములకు కాస్త ఎక్కువ బరువుతో సెకనుకు సుమారు 225 మీటర్ల వేగంతో బయటికొస్తుంది. దాని శక్తి 160 జౌల్స్ ప్రాంతంలో ఉంటుంది. .315 రైఫిల్ గుండు దాదాపు 16 గ్రాములు, వేగం సెకనుకు 600 మీటర్ల చుట్టుపక్కల. శక్తి 2,800 జౌల్స్ దాకా పోతుంది. 15 రెట్లకు మించిన తేడా.

జౌల్స్ అంటే ఊళ్లో ఎవరికీ పట్టదు. 75 కిలోల వడ్ల బస్తాతో చూద్దాం. .32 రివాల్వర్ గుండులో ఉన్న శక్తి ఆ బస్తాను జానెడు పైకి లేపగలదు. .315 గుండులో ఉన్న శక్తి దాన్ని పెంకుటింటి కప్పు దాటించగలదు. గుండు తగిలితే మనిషి గాల్లోకి ఎగురుతాడని కాదు, అది సినిమా. ఆ శక్తంతా చిన్న చోట కండను, ఎముకను చీల్చడానికి ఖర్చవుతుంది.

ఇంత తేడాకు మూల కారణం వేగం. గుండు బరువు రెట్టింపైతే శక్తి రెట్టింపే అవుతుంది, వేగం రెట్టింపైతే నాలుగు రెట్లవుతుంది. రైఫిల్ కార్ట్రిడ్జ్ పొడుగ్గా ఉంటుంది కాబట్టి మందు ఎక్కువ పడుతుంది. 9 ఎంఎం పిస్టల్ తూటాలో మందు అర గ్రాము లోపే, త్రీ నాట్ త్రీ తూటాలో రెండు గ్రాములు దాటుతుంది. రైఫిల్ లోపలి ఒత్తిడి కూడా ఎక్కువ, గొట్టం పొడవు కూడా ఎక్కువ. గొట్టం పొడవైతే మండిన వాయువు గుండును ఎక్కువ దూరం నెడుతుంది. పిస్టల్ జేబులో పట్టాలి, ఒంటిచేత్తో కాల్చాలి, ఆ వెనుక తన్నును మణికట్టు తట్టుకోవాలి. కాబట్టి దాని బలానికి హద్దు అక్కడే పడిపోతుంది.

మిగతావి ఈ వరుసలో పెట్టుకోవచ్చు. .22 చిన్న రైఫిల్, క్రీడల్లో వాడేది, 150 నుంచి 190 జౌల్స్. .32 పిస్టల్ సుమారు 175. పోలీసుల 9 ఎంఎం సుమారు 500. పాతకాలపు .45 గుండు లావుగా, బరువుగా ఉన్నా నెమ్మదిగా వెళ్తుంది కాబట్టి అదీ 500 దగ్గరే ఆగుతుంది. ఇక రైఫిళ్లు. ఇన్సాస్ వాడే 5.56 ఎంఎం గుండు 4 గ్రాములే, .45 గుండులో మూడో వంతు కూడా లేదు, అయినా 1,700 జౌల్స్. ఏకే 47 తూటా 2,000 పైన. త్రీ నాట్ త్రీ 3,000 దాటుతుంది, 7.62 ఎస్‌ఎల్‌ఆర్ ఇంకాస్త ఎక్కువ. అన్నిటికంటే బలహీనమైన సైనిక రైఫిల్ కూడా మామూలు పిస్టల్‌కు మూడు రెట్లు.

12 బోరు తుపాకీ వేరే జాతి. ఇక్కడి అంకెకు అంగుళంతో సంబంధం లేదు. ఒక పౌను సీసంతో సమానంగా 12 గుండ్లు చేస్తే ఒక్కో గుండు ఎంత లావుంటుందో గొట్టం అంత లావు. అందుకే అంకె తగ్గితే గొట్టం లావెక్కుతుంది. ఒక్క దెబ్బకు చాలా గుళ్లు వెళ్తాయి. పెద్ద గుళ్ల తూటాలో అన్నీ కలిపి 2,000 జౌల్స్ పైనే ఉంటుంది కానీ ఆ శక్తి గుళ్ల మధ్య పంచుకుపోతుంది, దూరం పెరిగే కొద్దీ వేగంగా తరిగిపోతుంది. ఇల్లంత దూరంలో భయంకరమైనదే, చేను అవతలికి పెద్దగా పనికిరాదు.

గాయంలోనూ తేడా కనిపిస్తుంది. పిస్టల్ గుండు ముఖ్యంగా తాను తాకిన దారినే పాడుచేస్తుంది. రైఫిల్ గుండు వేగానికి చుట్టూ ఉన్న కండ ఒక్కసారిగా ఉబ్బి చిరుగుతుంది, దారికి పక్కనున్న కాలేయం లాంటి అవయవాలూ పగులుతాయి. అలాగని పిస్టల్ తక్కువది అనుకోవద్దు. గుండెకో, మెదడుకో, పెద్ద రక్తనాళానికో తగిలితే 160 జౌల్స్ చాలు.

బలాన్ని బట్టి గీసిన గీత, దాని వెనుక తెల్లదొర

మన ఆయుధ చట్టంలో నిషిద్ధ బోరు, నిషిద్ధం కాని బోరు అని రెండు తరగతులున్నాయి. త్రీ నాట్ త్రీ, 7.62 సైనిక తూటాలు పేల్చగల రైఫిళ్లు, సైనిక 9 ఎంఎం, .45, .380, .455 తూటాలు పేల్చగల పిస్టళ్లు, రివాల్వర్లు నిషిద్ధం. వాటికి కేంద్ర హోం శాఖ అనుమతి కావాలి. .32 రివాల్వర్, .22, .315 రైఫిల్, 12 బోరు మామూలు లైసెన్సుతో వస్తాయి. వాటిని జిల్లా మేజిస్ట్రేటు, కమిషనరేటు ఉన్నచోట పోలీసు కమిషనరు ఇస్తారు.

పై లెక్క చూసినవాళ్లకు ఇందులో వింత తెలిసిపోతుంది. 500 జౌల్స్ 9 ఎంఎం నిషిద్ధం, 2,800 జౌల్స్ .315 నిషిద్ధం కాదు. గీత గీసింది బలాన్ని చూసి కాదు, సైన్యం వాడే తూటా ఏదో చూసి. దొంగిలించిన సర్కారు తూటా ప్రజల తుపాకీలో పట్టకూడదన్నది తెల్లదొరల జాగ్రత్త. అందుకే త్రీ నాట్ త్రీకి బదులుగా పౌరుల కోసం .315ను ఇక్కడ తెచ్చారు. 1878 ఆయుధ చట్టం భారతీయుణ్ని లైసెన్సు అడుక్కునేలా చేసి యూరోపియన్లకు మినహాయింపు ఇచ్చింది. ఆ చట్టం పోయి 1959 చట్టం వచ్చింది, గీత మాత్రం ఇంకా ఉంది.

మినహాయింపు అన్న మాట కూడా పోలేదు. కర్ణాటకలోని కొడగులో కొడవ జాతివారికి, జమ్మా భూములున్నవారికి లైసెన్సు లేకుండా కొన్ని రకాల తుపాకులు ఉంచుకునే వెసులుబాటు బ్రిటిష్ కాలం నుంచి కొనసాగుతోంది. 2019లో కేంద్రం దాన్ని మరో పదేళ్లు పొడిగించింది. 2021లో కర్ణాటక హైకోర్టు సమర్థించింది. పుట్టుకను బట్టి, భూమిని బట్టి తుపాకీ దక్కే చోటు ఈ గణతంత్రంలో ఒకటుందని దళిత పాఠకులు తెలుసుకోవాలి. ఆ వారసత్వానికి సైనిక గౌరవమని పేరు. మహర్ రెజిమెంట్ ఉన్న దేశంలో మహర్ల ఇంటికి అలాంటి గౌరవం రాలేదు.

అంబేద్కర్ ఏమన్నారు

ఆయుధం ధరించడం ప్రాథమిక హక్కు కావాలని 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానంలోనే ఉంది. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ దాన్నే సవరణగా తెచ్చారు. బాబాసాహెబ్ ఒప్పుకోలేదు. స్వతంత్ర దేశంలో నొక్కి చెప్పాల్సింది ఆయుధం పట్టే వ్యక్తి హక్కును కాదు, దేశం కోసం ఆయుధం పట్టాల్సిన బాధ్యతను అన్నది ఆయన వాదన. అందుకే మన రాజ్యాంగంలో తుపాకీ హక్కు లేదు. ఉన్నది జీవించే హక్కు, శిక్షాస్మృతి ఇచ్చే ఆత్మరక్షణ హక్కు. ఒకప్పుడు ఐపీసీ 96 నుంచి 106 దాకా ఉన్న ఆ సెక్షన్లు 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా ఉన్నాయి.

బాబాసాహెబ్ మాటను దళితులకు తుపాకీ వద్దన్నట్టుగా వాడేవాళ్లున్నారు. మాకు అలా అనిపించదు. ఎవరికి పడితే వారికి ఆయుధ హక్కు ఉంటే అది ముందు ఎవరి చేతికి చేరుతుందో కుల సమాజాన్ని ఎరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు.

అమెరికా దారి వేరు. అక్కడ రెండో సవరణ ఆయుధాన్ని హక్కుగా గుర్తించింది, 2008లో సుప్రీంకోర్టు దాన్ని వ్యక్తి హక్కుగా తేల్చింది. అయినా 1956లో ఇంటి మీద బాంబు పడ్డాక మార్టిన్ లూథర్ కింగ్ తుపాకీ వెంట ఉంచుకునే అనుమతి అడిగితే అలబామా అధికారులు ఇవ్వలేదు. 1967లో బ్లాక్ పాంథర్లు తుపాకులతో బహిరంగంగా తిరిగాక కాలిఫోర్నియా ఆ స్వేచ్ఛకు కత్తెర వేసింది. కాగితం మీద హక్కు ఉన్నచోట కూడా అనుమతి ఇచ్చే చెయ్యి ఎవరిదన్నదే తేల్చింది.

మన చట్టంలో అడగదగినవి

1959 చట్టంలో మనకు పనికొచ్చే రెండు వాక్యాలున్నాయి. మొదటిది 14వ సెక్షన్‌లో. తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో ఎవరికీ లైసెన్సు నిరాకరించకూడదు. భూమి లేని కూలికి కూడా ఈ మాట వర్తిస్తుంది. దరఖాస్తుతో పాటు ఆస్తి వివరాలు తెమ్మని ఏ గుమాస్తా అయినా వెనక్కి పంపితే చూపించాల్సిన సెక్షన్ ఇదే.

రెండోది 13వ సెక్షన్‌లో. రక్షణకో క్రీడకో 20 అంగుళాలకు తగ్గని గొట్టం ఉన్న, లోపల గాడులు లేని తుపాకీ, అంటే మామూలు మాటల్లో పొడుగు 12 బోరు అడిగితే, నిరాకరించడానికి చట్టంలో చెప్పిన అడ్డంకులేవీ లేనప్పుడు అధికారి లైసెన్సు ఇవ్వాలి. రివాల్వర్‌కూ రైఫిల్‌కూ అయితే తగిన కారణం ఉందని అధికారి తృప్తి పడాలి. తూటా బలం లెక్క చట్టాన్ని కలిసే చోటు ఇది. బలం తక్కువైనా దాచిపెట్టి తిరగగల చిన్న తుపాకీ అంటేనే చట్టానికి అనుమానం ఎక్కువ.

వయసు 21 దాటాలి. పోలీసు విచారణ నివేదికకు 30 రోజులు, అది అందాక అధికారి నిర్ణయానికి 60 రోజులు అని 2016 ఆయుధ నియమాలు గడువు పెట్టాయి. నిరాకరిస్తే కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయాలి, అడిగితే ఇవ్వాలి. 30 రోజుల్లో అప్పీలుకు వెళ్లొచ్చు. 2019 సవరణ తర్వాత లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది, ఒక వ్యక్తికి ఉండదగిన తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. పెళ్లిళ్లలో, ఊరేగింపుల్లో గాల్లోకి కాల్చి ఇతరుల ప్రాణం మీదికి తెస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. లైసెన్సు లేని తుపాకీ దొరికితే కనీసం రెండేళ్లు. కేసు భయానికి నాటు తుపాకీ దాచుకుందామనుకునే కుర్రాళ్లకు ఈ చివరి అంకె ముందుగా చెప్పాలి.

మూడో నియమం కింద అడగాలంటే ఒక్కడి దరఖాస్తుగా కాక వాడ తరఫున, బెదిరింపుల తేదీలు, పాత ఎఫ్‌ఐఆర్ నంబర్లు రాసి జిల్లా మేజిస్ట్రేటుకు, ఎస్పీకి ఇవ్వడం మేలు. ప్రతి మూడు నెలలకు కనీసం ఒకసారి కూర్చోవాల్సిన జిల్లా విజిలెన్సు, మానిటరింగ్ కమిటీ అజెండాలో ఆ అర్జీ చేర్చమని అడగాలి. "అవసరమనుకుంటే" అన్న మాట నియమంలో ఉంది కాబట్టి, అవసరం లేదని ఏ ఆధారంతో అనుకున్నారో రాసివ్వమని అడగొచ్చు.

ప్రభుత్వం తలచుకుంటే ఎంత దూరం వెళ్తుందో జమ్మూలో చూశాం. 1990ల నడిమి నుంచి గ్రామ రక్షణ కమిటీలకు నిషిద్ధ బోరు త్రీ నాట్ త్రీలే ఇచ్చింది. అస్సాం మంత్రివర్గం 2025 మేలో కొన్ని ప్రాంతాల్లో స్థానిక మూలవాసులకు లైసెన్సులు ఇస్తామని తీర్మానించింది. 2016 చివరికి దేశంలో 33.69 లక్షల లైసెన్సులుంటే 12.77 లక్షలు ఒక్క ఉత్తరప్రదేశ్‌లోనే ఉన్నాయి. కేంద్రం ఇచ్చిన ఆ లెక్క రాష్ట్రాల వారీగా ఉంది, కులాల వారీగా లేదు.

తుపాకీ వస్తే

ఇక్కడ మా అభిప్రాయం దాచుకోం. లక్ష్మణ్‌పూర్ బాథేలో 1997 డిసెంబరు 1 రాత్రి రణవీర్ సేన తుపాకులు 58 మంది దళితుల్ని చంపాయి. 2013లో పాట్నా హైకోర్టు 26 మందిని వదిలేసింది. ఉత్తరప్రదేశ్ సోన్‌భద్ర జిల్లా ఉంభాలో 2019 జూలై 17న భూమి కోసం పదిమంది గోండుల్ని కాల్చి చంపారు. కారంచేడులో 1985లో ఆరుగుర్ని, చుండూరులో 1991లో ఎనిమిది మందిని చంపడానికి తుపాకీ అవసరమే రాలేదు. గొడ్డళ్లు, బరిసెలు, వందలమంది మనుషులు చాలారు. అలాంటి గుంపు ముందు ఆరు గుళ్ల రివాల్వర్ పట్టుకున్న ఒక్కడు ఏం చేయగలడో ఆలోచించుకోవాలి. పైగా అతను కాల్చాక పోలీసు ముందు ఎవరి మీద కేసు కడతాడో మనకు తెలుసు. ఎదురు కేసుల అనుభవం ప్రతి దళితవాడకూ ఉంది.

రైఫిల్ సంగతి ఇంకో రకం. దాని గుండు మట్టిగోడ, రేకుల గోడ, మామూలు ఇటుక గోడ దాటిపోతుంది. ఇళ్లు ఆనుకుని ఉండే మన వాడల్లో అది మన పక్కింటి పిల్లకే తగలొచ్చు. గురి తప్పితే కిలోమీటర్ల దూరం పోతుంది. ఇంటి కాపలాకు రైఫిల్ అడగడం తప్పుడు కోరిక అని మేమంటాం. అడిగితే 12 బోరు అడగడం నయం, అదీ శిక్షణ తీసుకుని, పిల్లలకు అందని చోట తాళం వేసి ఉంచగలిగితేనే.

ఖర్చు ఒకటుంది. 2014లో కాన్పూరు ఆయుధ కర్మాగారం మహిళల రక్షణ కోసమంటూ నిర్భీక్ పేరుతో .32 రివాల్వర్ తెచ్చింది. అర కిలో బరువు, ధర 1,22,360 రూపాయలు. రోజుకు 200 కూలి వచ్చే ఆడమనిషి తిండి మానేసి 600 రోజులు దాచినా సరిపోదు.

అందుకే మూడో నియమంలో ముందున్న రెండు మాటలే మాకు విలువైనవిగా కనిపిస్తాయి. అవతలివాడి లైసెన్సు రద్దు, అక్రమ తుపాకుల స్వాధీనం. ఉత్తరాదిలో దొరికే నాటు కట్టాలు ఎక్కువగా .315, 12 బోరు తూటాలకే చేసి ఉంటాయి. ఎందుకంటే లైసెన్సు మీద అమ్మే తూటాలు అవే. లైసెన్సుదారు కొన్న తూటాలెన్ని, వాడినవెన్ని, మిగిలినవెన్ని అని లెక్క తీయమని అడగడం కూడా రక్షణ కోరడమే. ఎన్నికలప్పుడు లైసెన్సు తుపాకులు పోలీసు స్టేషనులో జమ చేయించడం అధికారులకు బాగా తెలిసిన పనే, దళితుల పొలం తగాదా ఉన్న ఊళ్లో అదే పని చేయమంటే కొత్తేం కాదు.

కాల్పులు జరిగిపోతే

అప్పుడు తూటా జ్ఞానం సాక్ష్యమవుతుంది. రివాల్వర్ వాడితే ఖాళీ గొట్టాలు అందులోనే ఉండిపోతాయి. పిస్టల్ ప్రతి దెబ్బకూ ఒకటి బయటికి విసురుతుంది. .315 లాంటి బోల్టు రైఫిల్ అయితే కాల్చినవాడు బోల్టు లాగినప్పుడే పడుతుంది. కాబట్టి నేల మీద గొట్టాలు లేవంటే కాల్పులే జరగలేదని కాదు. కనిపిస్తే చేత్తో ముట్టకండి, పక్కన ఏదైనా వస్తువు పెట్టి ఫోనులో ఫొటో తీసి, పోలీసు పంచనామాలో ఎన్ని, ఎక్కడ అని రాసేదాకా కాపలా ఉండండి. గొట్టం అడుగున సూది కొట్టిన గుర్తు, గుండు మీద గాడుల గీతలు ఏ తుపాకీవో ఫోరెన్సిక్ ల్యాబులో తేల్చగలరు.

పోస్టుమార్టంకు ముందు ఎక్స్‌రే తీయమని రాతపూర్వకంగా అడగండి, లోపల మిగిలిన గుండు గానీ గుళ్లు గానీ అప్పుడే తెలుస్తాయి. గుండు దిగిన గాయం, బయటపడిన గాయం వేర్వేరుగా, కొలతలతో రాశారో లేదో చూడండి. గాయం చుట్టూ మసి, మందు రేణువుల మచ్చలు ఉంటే చాలా దగ్గర నుంచి కాల్చారని. 12 బోరు గుళ్లు ఒకే కన్నంగా దిగాయా, విడివిడిగా చెదిరాయా అన్నది దూరం చెబుతుంది. పది అడుగుల నుంచి కాల్చాడని సాక్షి చెప్పి, గాయం వేరే దూరం చెబితే కోర్టులో మొదటి దెబ్బ ఆ సాక్షికే తగులుతుంది. చీకట్లో, భయంలో దూరం సరిగా తెలియకపోతే తెలియదనే చెప్పమని సాక్షులకు ముందే చెప్పాలి. ఏ బోరు తుపాకీ అని పోలీసు అడిగినా అంతే. పొడుగుదా, పొట్టిదా, ఎన్ని చప్పుళ్లు విన్నారు, మధ్యలో బోల్టు లాగాడా, చూసినంతే చెప్పాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలని అత్యాచారాల చట్టం 15ఎ సెక్షన్‌లో ఉంది. అదే రోజు తీసుకుని చదివించుకోండి, చప్పుళ్ల లెక్క అందులో ఎంత రాశారో చూడండి.